సున్నా కంటే తక్కువ వెలుగు

మా మరిది డ్రైవింగ్ స్కూలు దాకా వచ్చాడంటే ఏదో కొంప మునిగి ఉంటుందనుకున్నాను. కారు నేర్చుకోవాలన్న కోరిక అతనికి ఏనాడూ లేదు. పైగా నా నోరంటే భయం. ఆ సమయంలో నేను ఒక పళ్ళ డాక్టరు గారికి కారు వెనక్కి తీయడం నేర్పుతున్నాను. జనం నోట్లో చిన్న అద్దం పెట్టి మూలమూలలా చూడగలదు కానీ, కారు అద్దంలో వెనకున్న సిమెంటు దిమ్మ మాత్రం ఆవిడకి కనబడదు. ఆవిడ దాన్ని గుద్దబోయేలోపు నా వైపు బ్రేకు తొక్కి, ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగితే, దిమ్మ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి మా మరిది. మొహం తేలు కుట్టిన దొంగలా ఉంది.

“వదినా, ఒకసారి మా ల్యాబుకి రావాలి,” అన్నాడు.

“నేనా? ఎందుకూ, మీ వాళ్ళెవరైనా కారు గోడకి కొట్టారా?”

నవ్వలేదు. “పిచికని కూడా తీసుకురా. ఇంట్లో చెప్పకు.”

పిచిక మా అమ్మాయి. మూడో తరగతి చదువుతోంది. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు వాగుతూనే ఉంటుంది కాబట్టి ఆ పేరు. దానికి పుట్టుకతోనే వినపడదు. చెవుల్లో మిషన్లు పెట్టుకుంటే తలుపు దబాలున పడిన చప్పుడూ, లారీ హారనూ తెలుస్తాయి, మాటలు తెలియవు. మాటల్ని అది మన పెదాల మీంచి ఏరుకుంటుంది. మాట్లాడటం ఒక టీచరమ్మ దగ్గర కష్టపడి నేర్చుకుంది. గొంతు కాస్త బండగా, ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. గుసగుస అన్నది దానికి చేతకాదు.

డ్రైవింగ్ స్కూలు కారునే నేను ఇంటికీ వాడుకుంటాను. అందులో మామూలు అద్దం కింద ఇంకో వెడల్పాటి అద్దం పెట్టించాను, నేను నడుపుతుంటే వెనక సీట్లోంచి పిచికకి నా నోరు కనబడాలని. అది కారు నేర్చుకునేవాళ్ళ కోసమనుకుని మా ఓనరు నన్ను నలుగురి ముందూ మెచ్చుకున్నాడు. నేను కాదనలేదు.

ఆ ‘ఇంట్లో చెప్పకు’ అన్న మాట నాకెందుకు గుచ్చుకుందో చెప్పాలి. మా మరిది పనిచేసేది డీఎన్ఏ పరీక్షలు చేసే ల్యాబులో. డీఎన్ఏ అంటే మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే పొడవాటి రాత అట. అందులో ఎక్కడైనా ఒక్క అక్షరం మారినా కొందరికి వినికిడి పోతుందట. ఆ మారిన అక్షరాన్ని పట్టుకోవడం వాళ్ళ పని. పిచిక ఇంకా బడికి వెళ్ళని రోజుల్లో దాని ఉమ్మీ, నా ఉమ్మీ పట్టుకెళ్ళి పరీక్ష చేశాడు. ఇద్దరిలోనూ ఒకేచోట ఒకే అక్షరం మారిందని తేలింది. అంటే పిల్లకి అది నా నుంచే వచ్చింది.

మా ఆయన్ని మాత్రం పరీక్ష చేయలేదు. అక్కర్లేదన్నారు. ఎందుకంటే ఆ ల్యాబుకి మా మరిది ఉమ్మే కొలబద్ద. ఎవరిని పరీక్ష చేసినా, పక్కన ఏ లోపమూ లేని మనిషిది ఒకటి పెట్టి పోల్చుకోవాలట. నాలో దొరికిన మార్పు అతనిలో లేదు, చెవులు శుభ్రంగా వినిపిస్తాయి, అడగ్గానే ఉమ్ముతాడు. ఇంకేం కావాలి? అక్కడ అందరూ అతన్ని ‘నార్మల్ సారు’ అని పిలుస్తారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ మా అత్తగారి కాళ్ళు నేల మీద నిలవలేదు. కొడుక్కి ఎవరైనా బిరుదిచ్చి శాలువా కప్పినా అంత మురిసేది కాదు.

“తమ్ముడు నార్మల్ అయితే అన్న కాకుండా పోతాడా?” అంది.

మా ఆయన తల ఊపాడు. తల ఊపడంలో మా ఆయన ఆరితేరినవాడు.

ఫలితం చెప్పిన ఆ రోజు ముందుగదిలో మరిది ఇంకో మాట కూడా అన్నాడు. “ఒక్కటి ఉంటే చాలదమ్మా, రెండు వైపుల నుంచీ రావాలి. రెండోది మాకింకా దొరకలేదు,” అన్నాడు. గట్టిగా అనలేదు, నీళ్ళు నములుతున్నట్టు అన్నాడు. మా అత్తగారు అప్పటికే నా వైపు తిరిగిపోయింది. దొరికిందేదో నా దగ్గర దొరికింది, దొరకనిది లేనట్టే లెక్క. అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పోయిన ఏడాది ల్యాబులోకి కొత్త పద్ధతేదో వచ్చినప్పుడు మాత్రం, రెండోది దొరుకుతుందేమోనని పిచిక పరీక్ష ఆశగా మళ్ళీ చేశాడు. ఏమీ రాలేదు. ఇంటికొచ్చి “ఇంకేం లేదు” అన్నాడు. “నేను చెప్పలా?” అంది మా అత్తగారు.

‘ఇలాంటి పిల్ల’ అన్న మాట మా ఇంట్లో అలా మకాం వేసింది. ఇలాంటి పిల్లని పెట్టుకుని ఉద్యోగమెందుకు, ఇలాంటి పిల్లకి సైకిలెందుకు. ఆవిడ చెడ్డ మనిషని నేననను. పిచిక జడ ఆవిడే వేయాలి, జ్వరమొస్తే పక్కన ఆవిడే పడుకోవాలి. కానీ ఆ మాట వచ్చే ముందు ఆవిడ పెదాలు ఒక రకంగా బిగుస్తాయి. అది కనిపెట్టగానే పిచిక మొహాన్ని నా కడుపుకి ఆనించేసుకునేదాన్ని, ముద్దు చేస్తున్నట్టు. ఆ మాట పిల్ల కంట పడకుండా ఇన్నేళ్ళూ కాపలా కాశాను. అందుకు నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆ గర్వం ఒక్కటి తీసేస్తే మిగిలిందంతా సిగ్గే. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు గారు అడక్కుండానే “నా నుంచే వచ్చిందండి” అన్నాను. చెవుల డాక్టరుతో అన్నాను, పక్కింటావిడతో అన్నాను, బస్సులో ఎవరి కాలో తొక్కినట్టు చుట్టాలందరికీ క్షమాపణ చెప్పుకుంటూ తిరిగాను. రెండో బిడ్డ మాట మా ఆయన ఎత్తితే నేనే వద్దన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. ఆ అడగకపోవడం నాకు ఎంత గుచ్చుకుందో ఆయనకి ఈనాటికీ తెలియదు.

అందుకని, బడి వదిలాక పిచికని ఎక్కించుకుని మరిది వెనకాలే ల్యాబుకి వెళ్ళేటప్పుడు దారంతా నాకు ఒకటే ఆలోచన. ఇంకా ఏం దొరికిందో నాలో.

ల్యాబంటే ఏదో అద్దాల మేడ అనుకున్నాను. పొడవాటి నడవా, రెండు వైపులా తలుపులు, మందుల షాపులో వచ్చే వాసన, మూలన ఎవరో మర్చిపోయిన గొడుగు. చివరి గదిలో నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకున్న ఒకావిడ మాకు స్టూళ్ళు లాగింది.

“నన్నిక్కడ వంటావిడ అంటారండి,” అంది. “నూనెలో స్ఫటికాలు వండుతాను.”

“తినడానికా?” అంది పిచిక.

“తింటే మీ అమ్మ నన్ను కారు కింద తొక్కిస్తుంది,” అంది ఆవిడ, దాని మొహంలోకి చూస్తూ, మాట మాట విడదీసి. ఎవరో ముందే చెప్పి ఉండాలి ఆవిడకి, పిచికతో ఎలా మాట్లాడాలో.

బల్ల మీద చిన్న చిన్న సీసాలు మూడు పెట్టింది. పల్చటి టీ నీళ్ళలా ఉన్నాయి, చూడటానికి ఏమంత గొప్పగా లేవు. గదిలో దీపం ఆర్పి, ఊదారంగు దీపమొకటి వాటి మీదకి తిప్పింది. ఒకటి ఆకుపచ్చగా, ఒకటి పసుపుగా, ఒకటి ఎర్రగా భగ్గుమన్నాయి. పిచిక స్టూలు మీంచి లేచి నిలబడిపోయింది.

“మూడూ ఒకే సరుకు,” అంది వంటావిడ. “పొయ్యి మీంచి తొందరగా దించితే చిన్న స్ఫటికాలు, ఆకుపచ్చగా వెలుగుతాయి. ఇంకాసేపు ఉంచితే పెరిగి పసుపు. ఇంకా ఉంచితే ఎరుపు. ఎంత పెద్దవైనా మామూలు మైక్రోస్కోపుకి కూడా ఒక్కొక్కటిగా ఆకారం తెలియదు, వెలుగే తెలుస్తుంది. ఒక్కో రంగు స్ఫటికానికి ఒక్కో డీఎన్ఏ ముక్క తగిలిస్తాం. ఆ ముక్క తనకి జోడీ కుదిరే అక్షరాలు ఉన్నచోటే అతుక్కుంటుంది. లేదంటే కడిగితే పోతుంది. అతుక్కుంటే అక్కడ వెలుగు.”

ఆకుపచ్చ అందరిలోనూ వెలగాలట, పరీక్షకి డీఎన్ఏ సరిగ్గా అందిందనడానికి గుర్తు. ఎరుపు, నాలో దొరికిన మార్పుకి. పసుపు, అదే జన్యువులో ఇంకోచోట వచ్చే మార్పుకి. పోయిన ఏడాది వచ్చిన కొత్త పద్ధతి ఇదే.

“ఇప్పుడు మీరు చెప్పండి సార్,” అని వంటావిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

మా మరిది గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఇంకోసారి సవరించుకున్నాడు.

“ఎంత కడిగినా కొన్ని స్ఫటికాలు ఊరికే అతుక్కుని ఉండిపోతాయి వదినా. అది దొంగ వెలుగు. దాన్ని లెక్కలోంచి తీసేయాలి. అందుకని నార్మల్ మనిషిలో ఎంత వెలుగొస్తే అదంతా దొంగదే అనుకుని, అందరి అంకెల్లోంచీ అంత తీసేస్తాం.”

“నార్మల్ మనిషంటే నువ్వు.”

“నేనే. నాలో పసుపు బాగా వెలిగింది. చాలా బాగా. నేను ఈవిడ స్ఫటికాలు బాగాలేవన్నాను. జిగురు పట్టాయి, కనిపించిన దానికల్లా అంటుకుంటున్నాయి, వండటం రాదు అన్నాను. మీటింగులో, అందరి ముందూ.”

“మళ్ళీ వండాను,” అంది వంటావిడ మామూలుగా. “మళ్ళీ అదే అన్నారు. వండగా వండగా నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ఇంటికెళ్ళి అన్నం వండినా మాడిందేమోనని మూత తీసి చూసుకునేదాన్ని.”

“ఎలా తెలిసింది మరి?” అన్నాను.

“మా మిషనుకి ఒక అలవాటు నేర్పారండి. లెక్క సున్నా కంటే కిందకి పోతే, సున్నా అనే చూపిస్తుంది. చూడటానికి శుభ్రంగా ఉంటుందని సారే అలా పెట్టించారు. ఒకరోజు అది తీసేసి అసలు అంకెలు చూశాను. పసుపులో ఇంచుమించు జనమంతా సున్నాకి కిందున్నారు. చీకటి కంటే చీకటి ఎక్కడైనా ఉంటుందా? దీపం ఆర్పేశాక ఇంకేం ఆర్పుతారు? సున్నాకి తక్కువ వచ్చిందంటే, మేం తీసేసిందే ఉండాల్సిన దానికన్నా ఎక్కువై ఉండాలి. అప్పుడు సారు ఉమ్మి పక్కనపెట్టి నా ఉమ్మి పెట్టి చూసుకున్నాను.”

తెర మీద నాలుగు గళ్ళు వచ్చాయి. ఆవిడ గడిలో ఒక్క ఆకుపచ్చ చుక్కలే. నా గడిలో ఆకుపచ్చా, ఎరుపూ. మా మరిది గడిలో ఎరుపు లేదు, ఆకుపచ్చ చుక్కల మధ్య పసుపు చుక్కలు నిండుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. నాలుగోది పిచికది. ముందు ఇన్నాళ్ళూ చేసినట్టే, మరిది వెలుగు తీసేసి చూపించింది. ఆకుపచ్చా, ఎరుపూ, అంతే. తర్వాత ఆ తీసివేత తీసేసింది. వాటి మధ్య గడి నిండా పసుపు కూడా వచ్చేసింది.

“నీలో ఉన్నంతే ఉంది పిల్లలోనూ,” అన్నాను మెల్లగా.

“అందుకే తీసేస్తే సున్నా వచ్చింది,” అన్నాడు మరిది. “నాలో ఉన్నది లోపమని అనుకోలేదు కాబట్టి, పిచికలో ఉన్నది లేదనుకున్నాను. నీలో పసుపు లేదు వదినా. మరి దీనికెక్కణ్ణించి వస్తుంది? అన్నయ్య నుంచి. మాకిద్దరికీ అమ్మ నుంచో నాన్న నుంచో. రెండోది ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉంది.”

అతని కళ్ళు నా మొహం దాకా రాలేదు, నా చెప్పుల దగ్గరే ఆగిపోయాయి. ఈ ఏడాది పరీక్ష చేయించుకుని ‘ఏం లేద’ని సంతోషంగా వెళ్ళిపోయిన వాళ్ళందరినీ మళ్ళీ పిలవాలట. రేపటి నుంచి అదే పనట.

పిచికకి ఈ గొడవేమీ పట్టలేదు. తెర దగ్గరికెళ్ళి తన గడి మీద వేలు పెట్టింది.

“అమ్మా, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. సిగ్నల్ లైటు,” అంది. “నీకు రెండే. బాబాయ్‌కి రెండే. ఈవిడకి పాపం ఒకటే. నాకు మూడు.”

వంటావిడ నవ్వి దాని తల నిమిరింది. మరిది కిటికీ వైపు తిరిగాడు.

నాకు సంతోషమేసింది. అబద్ధమెందుకు, ఒళ్ళు తేలికైపోయినంత సంతోషమేసింది. ఇన్నేళ్ళూ నెత్తిన మోసిన బరువు ఎవరో వచ్చి సగం దించినట్టు. ఆ సగం ఎవరి నెత్తిన పెట్టాలో కూడా నాకు తెలుసు.

మేం లేచేటప్పుడు మరిది వంటావిడతో ఏదో గొణిగాడు. క్షమించమనే అనుకుంటాను.

“నాకిక్కడ వద్దు సార్,” అంది ఆవిడ. “మీటింగులో చెప్పండి. అన్నది అక్కడే కదా.”

ఆ మాట నాకు భలే నచ్చింది. నడవాలో నడుస్తూ నేనూ అదే అన్నాను. “నాకూ ఇక్కడొద్దు మరిదీ. ముందుగదిలో చెప్పు, మీ అమ్మ ముందు, మీ అన్న ముందు. ఈసారి గొంతు పెంచి చెప్పు.”

“అందుకే వస్తున్నాను కదా వదినా,” అన్నాడు.

పిచిక వెనక సీట్లో ఎక్కింది. మరిది నా పక్కన, మామూలుగా నేను కూర్చుని నేర్పే సీట్లో కూర్చున్నాడు. అక్కడ కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. కాళ్ళు దగ్గరికి పెట్టుకోమని చెప్పాను. బళ్ళన్నీ ఇళ్ళకి మళ్ళే వేళ, రోడ్డు కిటకిటలాడుతోంది. నాకు మాత్రం ఎదురుగా రోడ్డు కాదు, మా ముందుగది కనబడుతోంది. సోఫా మూల మా అత్తగారు, తలుపు దగ్గర మా ఆయన, మధ్యలో నేను, ఈసారి తలెత్తుకుని.

ఆ ఊహ నోరు ఊరుకోనివ్వలేదు.

“నాకు ఇవాళ మీ అమ్మ మొహం చూడాలి,” అన్నాను. “ఒక్కసారి చూస్తే చాలు, నా కడుపు మంట చల్లారుతుంది. ఏమన్నా తక్కువ అన్నారా నన్ను? మా వాళ్ళల్లో ఎవరికి చెవుడో, మా ముత్తాత వినేవాడో లేదో, అన్నీ తవ్వి పోశారు. మరి ఇప్పుడు మీ ఇంట్లోనూ ఉందా లేదా ఆ దరిద్రం, మీ నార్మల్ ఇంట్లో?”

“వదినా, నేను ఆ రోజు చెప్పాను, రెండు వైపులా ఉండాలని…”

“చెప్పావు. ఎవరికి చెప్పావు, గోడకా? తర్వాత ఒక్కసారైనా నోరు విప్పావా? నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావు, మీ అన్న తల ఊపుతూ కూర్చున్నాడు, నేను సిగ్గుతో చచ్చాను. ఇవాళ చెప్తాను అందరికీ. సగం పాపం మీ ఇంటిదే. ఇలాంటి పిల్ల పుట్టిందంటే, అందులో సగం తప్పు మీదే.”

ముందున్న వ్యాను కదిలింది, నేనూ కదిలాను. అప్పుడు వెనక నుంచి గొంతు వచ్చింది, బండగా, ఎప్పుడూ ఉండే ఎత్తులోనే.

“ఇలాంటి అంటే ఎలాంటి?”

కారు గక్కున ఆగిపోయింది. తొక్కింది నేను కాదు, మా మరిది. తన కాళ్ళ దగ్గర బ్రేకు ఉందని అతనికి అప్పుడు గుర్తుందో లేదో, ఆ గొంతు వినగానే కాలు దానంతటదే పడింది. వెనక బళ్ళన్నీ హారన్లు మొదలుపెట్టాయి. నేను తలెత్తి అద్దంలోకి చూశాను. వెడల్పాటి అద్దం. నేనే ఏరికోరి పెట్టించిన అద్దం. అందులో రెండు కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి, మిగతా జవాబు కోసం.

ఇన్నేళ్ళు కాసిన కాపలా. మా అత్తగారి నోట్లోంచి వస్తే అడ్డుపడ్డ మాట. అది నా నోట్లోంచే వచ్చి, నేను పెట్టించిన అద్దంలోంచే దాని కళ్ళలో పడింది.

“ఏం లేదమ్మా,” అన్నాను. పిచికతో ఆ మాట అనకూడదని టీచరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. వినబడని పిల్లలకి పెద్దవాళ్ళు ఎక్కువగా చెప్పేది ‘ఏం లేదు’ అనేనట. వాళ్ళకి అన్నిటికన్నా కోపం తెప్పించేదీ అదేనట.

దానికి కోపం కూడా రాలేదు. కిటికీలోంచి బయటికి చూసింది కాసేపు. ముందు సిగ్నలు దగ్గర దీపాలు మారుతున్నాయి.

“నేను బాగున్నాయనుకున్నాను,” అంది. “నా మూడు లైట్లు.”

కారు ఎలా నడిపానో నాకు తెలియదు. జనానికి నడపడం నేర్పి బతికేదాన్ని, గేరు ఎక్కడుందో తడుముకున్నాను. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది కానీ కారులో కూర్చుంటే ఆ వీలు కూడా లేదు. మరిది చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. ఇన్నేళ్ళలో నేను పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఆ కాసేపూ పడ్డది ఒక ఎత్తు. ముందుది ఇంకొకళ్ళు నా మీద వేసింది. ఇది నేను చేజేతులా సంపాదించుకున్నది.

ఇంటి ముందు దిగాక పిచిక ఎదుట మోకాళ్ళ మీద కూర్చోబోయాను, ఏదో చెబుదామని. అది నన్ను తప్పించుకుని మెట్లెక్కేసింది.

నేను ఊహించుకున్నట్టే ఉంది ముందుగది. సోఫా మూల మా అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తలుపు దగ్గర మా ఆయన బూట్లు విప్పుతున్నాడు. పిచిక మా అందరి మొహాలూ కనబడేలా గది మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుంది. ఎప్పుడూ అది కూర్చునే చోటే. నాకు మాత్రం దాన్ని ఎత్తుకుని లోపలికి తీసుకుపోవాలనిపించింది. మొహాన్ని కడుపుకి ఆనించేసుకోవాలనిపించింది. ఆ పని చేసే అర్హత నాకు పోయింది.

“తర్వాత చెబుదువుగానిలే,” అన్నాను మరిదితో, గొంతు తగ్గించి.

“లేదు వదినా. అప్పుడు కూడా తర్వాత చెబుదామనే అనుకున్నాను,” అన్నాడు.

చెప్పాడు. గొంతు పెంచే చెప్పాడు. పసుపు గురించి, తీసివేత గురించి, తనని కొలబద్ద చేసుకుని తన లోపాన్ని తనే ఎలా సున్నా చేసుకున్నాడో అంతా చెప్పాడు. “ఒకటి వదినది, ఒకటి అన్నయ్యది. రెండూ కలిస్తేనే ఇది. నాలోనూ ఉంది. వదినని ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టాం, నేను చూస్తూ ఊరుకున్నాను,” అన్నాడు.

మా ఆయన తల ఊపలేదు. ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఈ క్షణం కోసం ల్యాబులో ఎంత తహతహలాడానో, అది వచ్చినప్పుడు మా అత్తగారి మొహం చూడటానికి నాకు మనసు రాలేదు. చూస్తే పిచిక నన్ను చూస్తుంది, ఏం చూసి సంతోషిస్తున్నానో అని.

మా అత్తగారి చేతిలో చొక్కా మడత జారిపోయింది. ఆవిడకి ఆ తీసివేతలూ అవీ అర్థమయ్యాయో లేదో. చిన్నకొడుకు లోపమున్నవాడంటే మాత్రం అర్థమైంది. పెదాలు బిగించింది. నేను ఆ పెదాల్ని చూసి కూడా కదలలేకపోయాను.

“అదంతా నాకెందుకురా,” అంది. “చివరికి ఎవరిదంటావు మరి? ఆ తప్పు ఎవరిది?”

పిచిక చెయ్యెత్తింది. క్లాసులో, ఈ పెన్సిలు ఎవరిదని టీచరు అడిగితే ఎత్తినట్టు, మోచెయ్యి నిటారుగా పెట్టి ఎత్తింది.

“నాది,” అంది. “మూడూ నాకే ఉన్నాయి. మీకెవరికీ లేవు.”

మా అత్తగారు చొక్కా వైపు చూసింది, మా ఆయన బూటు వైపు. మరిది నేల వైపు చూశాడు. నేనెటు చూశానో నాకు గుర్తులేదు, దాని వైపు మాత్రం కాదు. నలుగురం పెద్దవాళ్ళం, గదిలో తల దించుకుని ఉండిపోయాం. తర్వాత మా అత్తగారు ఏదో అనడం మొదలుపెట్టింది, తడిగొంతుతో, తలెత్తకుండానే. మా ఆయన కూడా ఏదో అన్నాడు, చేతిలో బూటుతో చెబుతున్నట్టు.

పిచిక మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. ఎవరి పెదాలూ దానికి దొరకలేదు. స్టూలు దిగి వాళ్ళ నానమ్మ దగ్గరికెళ్ళి, రెండు చేతులతో గడ్డం పట్టుకుని ఆవిడ మొహాన్ని పైకెత్తింది.

“కింద చూస్తూ చెప్తే నాకు తెలీదు,” అంది. “మళ్ళీ చెప్పు.”

తర్వాత నా దగ్గరికి వచ్చింది.